నాలుగు చేతుల స్టీరింగ్

లక్ష్మీరాజం పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను స్టీరింగ్ పంపు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ వేడి మొహానికి కొడుతోంది. ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్లు ఆడించాడు. సీట్లో కూర్చున్న నారాయణ ఆ వేళ్లు చూసి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాడు.

అందరూ చెవితో వినేది లక్ష్మీరాజం ఎముకతో వింటాడు. ముంబై దగ్గర నాగావ్‌లో మరమగ్గాల మధ్య గడిచిన ఏళ్లు అతని చెవుల్ని సగానికి పైగా తినేశాయి. ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా మాట్లాడితే అర్థం చేసుకుంటాడు. పక్కనుంచి పిలిస్తే పలకడు. కొత్తగా వచ్చిన గిరాకీలు ఈ మిస్త్రీకి పొగరనుకుంటారు. కానీ ఇనుము లోపలి చప్పుడు ఇనుము గుండానే ఎముకలోకి ఎక్కితే, ఏ భాగం ఏమంటున్నదో పోల్చుకోగలడు. బేరింగు అరిగితే ఇసుక నమిలినట్టు గరగర వస్తుంది. ఇప్పుడు వస్తున్నది అది కాదు. సన్నని మూలుగు. ఇంజన్ జోరు పెరిగినకొద్దీ అదీ పెరుగుతున్నది.

"బంద్ చెయ్యి."

ఇంజన్ ఆగింది. నారాయణ నడుము పట్టుకుని దిగి, చుట్టూ తిరిగి వచ్చి లక్ష్మీరాజం ఎదురుగా నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ల అలవాటు అది. ఏ మాట అనాలన్నా ముందు అతని కళ్లముందుకు వస్తాడు.

"ఏమంటున్నది బావ?"

"ఏడుస్తున్నది."

"ఎందుకట?"

"అడుగుతున్న గద. ఆగు జర."

నారాయణ నవ్వాడు. నవ్వినప్పుడు చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అదీ పాత అలవాటే. మగ్గం మీద పనిచేసే రోజుల్లో ఎగిరొచ్చిన నూలు కండె నాడె ఒకటి అతని ముందుపళ్లు రెండింటిని రాలగొట్టింది.

పికప్ బండి పాతది. ఒకప్పుడు తెల్లగా ఉండేది. వెనక తొట్టి నిండా నారాయణ సంసారం ఉంది. వెల్లకిలా పడుకోబెట్టిన ఇనుప బీరువా, చుట్టచుట్టిన పరుపులు, గిన్నెలు నింపిన డ్రమ్ము, సత్తెమ్మ కుట్టుమిషన్, అన్నిటి మీదా కప్పిన నీలం తాడిపత్రి పట్టా, దాని మీద పడుకోబెట్టి కట్టిన సైకిల్. వెనక తలుపు మీద మరాఠీలో రాయించిన కాశీనాథ్ సేట్ కారఖానా పేరు ఇంకా మసకగా చదవడానికి వస్తుంది. సేట్ ఆ బండిని కొత్తగా తెచ్చి, కొబ్బరికాయ కొట్టి, తాళం చేతిలో పెట్టింది నారాయణకే. వ్యాపారం పడిపోయాక మళ్లీ అతనికే అమ్మాడు.

ఈరోజు మధ్యాహ్నం దాటాక నారాయణ, సత్తెమ్మ అదే బండిలో సొంతూరు మెట్‌పల్లికి పోతున్నారు. తిరిగి రావడానికి కాదు. అక్కడ బిడ్డ శృతి, అల్లుడు టెంట్ హౌస్ పెట్టుకున్నారు. కుర్చీలు, షామియానాలు, వంట పాత్రలు మోయడానికి బండి కావాలి, నమ్మకంగా నడిపే మనిషి కావాలి. కార్తీకం వచ్చింది. ఎల్లుండే వాళ్లకు మొదటి లగ్గం ఉంది.

"చీకటి పడకముందే మాల్‌శేజ్ ఘాట్ దాటాలె. స్టీరింగ్ నిన్నటి నుంచి బరువైంది. పొద్దుగాల తేలికనే ఉంటది, బండి వేడెక్కినంక మొండికేస్తది. నువ్వు చూస్తెనే పోత," అంటూ నారాయణ పొద్దున్నే బండిని గ్యారేజీ ముందు తెచ్చి ఆపాడు.

గ్యారేజీ అంటే కాశీనాథ్ సేట్ కారఖానా గేటు పక్కన, రేకుల కింద నాలుగు బండలు పరిచిన జాగా. గోడకు పానాలు వేలాడుతుంటాయి. ఒక చెక్క బల్ల, కూర్చోవడానికి బోల్తా వేసిన ఒక డబ్బా. గోడకు అవతల మొన్నటిదాకా మగ్గాలు ఆడేవి. టీ గ్లాసు బల్ల మీద పెడితే టీ మీద సన్నని వలయాలు పుట్టి అంచుల దాకా పాకేవి. ఈ ఎండాకాలం సేట్ మగ్గాలన్నీ పాత ఇనుము కింద భంగారుకు అమ్మేశాడు. గ్యాస్ కట్టర్‌తో కోసి ముక్కలు చేశారు. మూడో వంతు ఇనుము ఈ పికప్‌లోనే పోయింది. మగ్గాలు ఆగిపోయిన సంగతి లక్ష్మీరాజానికి చెవులు చెప్పలేదు. ఒకరోజు టీ గ్లాసు పైకెత్తబోయి, లోపల నిలకడగా ఉన్న టీని చూసి, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

జాకీ పెట్టి ముందు చక్రాలు నేల నుంచి లేపాడు. ఇంజన్ ఆపి ఉంచే, ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పాడు. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా గతుకు తగల్లేదు. కాబట్టి కింది జాయింట్లలో తప్పు లేదు. టైర్లలో గాలి చూశాడు. సరిగానే ఉంది. పంపును తిప్పే బెల్టును బొటనవేలితో నొక్కాడు. బిగువుగానే ఉంది, నునుపెక్కలేదు, పగుళ్లు లేవు.

ఆయిల్ డబ్బీ మూత తిప్పాడు. ఆయిల్ గీత దాకా ఉంది. కానీ నల్లబడింది. పైన సన్నగా నురుగు కట్టింది. వేలు ముంచి బొటనవేలితో రాసి చూశాడు, వాసన చూశాడు. కాలిన వాసన. ఒక్కరోజులో ఆయిల్ ఇలా కాదు. తలెత్తి నారాయణ మొహంలోకి చూశాడు.

"నిన్నటి నుంచేనా?"

"ఔ, నిన్నటి నుంచే," అన్నాడు నారాయణ, తాడిపత్రి ముడి ఒకటి సరిచేస్తూ. ముడి గట్టిగానే ఉంది.

లక్ష్మీరాజం మళ్లీ డబ్బీ మీదికి వంగాడు. నురుగు ఉందంటే గాలి చేరింది. మూత తీసి, ఇంజన్ ఆపే ఉంచి, నారాయణ చేత స్టీరింగ్ అటూ ఇటూ చివరిదాకా తిప్పించాడు. బుడగలు పైకి వచ్చి పగిలాయి. కొంతసేపటికి రావడం ఆగాయి. ఇంజన్ చాలూ చేస్తే స్టీరింగ్ తేలికగానే తిరిగింది. ఇంజన్ అప్పటికే చల్లబడింది మరి.

"వేడి చెయ్యాలె. దా, కాల్హేర్ దాకా పోయొద్దాం," అన్నాడు.

జాకీ దించి ఇద్దరూ ఎక్కారు. పక్క సీట్లో కూర్చుంటే లక్ష్మీరాజానికి నారాయణ మాటలు అందవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే బండిలో ఉన్నప్పుడు ఇద్దరూ మాట్లాడుకోరు. కొన్ని వందలసార్లు అలా మాటల్లేకుండా తిరిగారు.

పిల్లలుగా ఉన్నప్పుడు మెట్‌పల్లి నుంచి ఒకే లారీలో వచ్చారు. ఒకే కారఖానాలో కండెలు చుట్టారు. రాత్రి పాళీ వాళ్లు లేచిన చాపల మీద పగటి పాళీ వాళ్లు పడుకునేవాళ్లు. వీళ్లిద్దరికీ కలిపి ఒక్క చాప. నెలకింత అని కట్టి రెండు పూటలా తినే బిస్సీ యమునాబాయిది. ఆమె పప్పులో నీళ్లెక్కువ పోసేది కానీ, ఒంట్లో బాగాలేని పిల్లవాడికి అడగకుండానే గంజి కాచి ఇచ్చేది. నారాయణ పళ్లు పోయిన రోజు, నెత్తురు ఆగకపోతే, తన కొంగు చింపి నోట్లో కుక్కింది ఆమే. ఆ తర్వాత నారాయణకు మగ్గం ముందు నిలబడాలంటే భయం. టెంపో మీద క్లీనరుగా పోయాడు, డ్రైవరయ్యాడు. లక్ష్మీరాజం మగ్గాలు బాగుచేసే జాబరయ్యాడు. మగ్గాలు తగ్గినకొద్దీ బండ్లు పట్టుకున్నాడు. పని మారింది కానీ ఇద్దరూ సాయంత్రం ఒకే బల్ల మీద టీ తాగడం మారలేదు.

కాల్హేర్ గోదాముల దగ్గర కంటైనర్ల మధ్య బండి తిప్పాల్సివచ్చింది. లక్ష్మీరాజం స్టీరింగ్ వైపు చూడలేదు, నారాయణ భుజాలను చూశాడు. మొదటి వంపు దగ్గర భుజాలు కదల్లేదు. రెండో వంపు దగ్గర కుడి భుజం లేచింది. తిరిగి వచ్చేటప్పుడు, రోడ్డు మలుపులో, నారాయణ సీట్లో ముందుకు జరిగి, రెండు మోచేతులూ బయటికి పెట్టి, చక్రాన్ని కౌగిలించుకున్నట్టు తిప్పాడు. మెడ మీద నరం లేచింది. 

గ్యారేజీ ముందు ఆపగానే, "ఇంజన్ బంద్ చెయ్యకు," అని దిగి బానెట్ ఎత్తాడు. ఇప్పుడు మూలుగు ఎముక లేకుండానే అతని అరిచేతికి తెలుస్తోంది. ఆయిల్ డబ్బీ నుంచి పంపుకు దిగే లావుపాటి రబ్బరు గొట్టం మీద చెయ్యి వేశాడు. మెత్తగా ఉంది. కాలుతోంది. వేళ్లు ఆడించాడు. నారాయణ యాక్సిలరేటర్ తొక్కాడు. గొట్టం అతని వేళ్ల మధ్య చప్పున నొక్కుకుపోయింది. కాలు తీయగానే మళ్లీ ఉబ్బింది.

దొరికింది.

బయటికి గొట్టం బాగానే ఉంది. లోపలి పొర ఊడిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ గట్టిగా నిలబడుతుంది. వేడెక్కితే పంపు పీల్చే పీల్పుకు గోడలు దగ్గరకొచ్చి నోరు మూసుకుపోతుంది. పంపుకు ఆయిల్ అందదు. అందక అది మూలుగుతుంది. ఆయిల్ తొయ్యాల్సిన బరువంతా మనిషి భుజాల మీద పడుతుంది. పంపుకు ఏ జబ్బూ లేదు. గల్లీ చివర దత్తు దుకాణంలో గొట్టం దొరుకుతుంది. మార్చడం ఎంతసేపు.

లక్ష్మీరాజం గొట్టం మీద నుంచి చెయ్యి తీశాడు. పాత గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

నారాయణ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏంది బావ?"

"పంపే కావచ్చు."

"పంపైతే?"

"ముంబై నుంచి తెప్పియ్యాలె. ఇయ్యాల గాదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే వింతగా అనిపించింది. గిరాకీకి పనెక్కువ చెప్పి, తక్కువ చేసి ఇవ్వడం అతనికి తెలుసు. లేని జబ్బు చెప్పడం ఎప్పుడూ చెయ్యలేదు. నారాయణ బోల్తా డబ్బా మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఒక్క దమ్ము పీల్చి, ఎందుకో ఆర్పేశాడు.

అప్పుడే ఆటోలో సత్తెమ్మ దిగింది. అద్దెకున్న ఖోలీ తాళం ఇంటాయనకు అప్పజెప్పి, పొద్దటి నుంచి లక్ష్మీరాజం ఇంట్లో ఉండి, అతని భార్య పెంటవ్వ వండిన సద్ది పట్టుకొచ్చింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, వంకాయ. లక్ష్మీరాజాన్ని ఆమె మొదటినుంచీ అన్న అనే పిలుస్తుంది. ఎవరూ చెప్పకుండానే అతని ఎదురుగా వచ్చి మాట్లాడుతుంది.

"అయిందానె అన్న?"

సమాధానం నారాయణ చెప్పాడు. "పంపు పోయిందట. ఇయ్యాల కాదట."

"గట్లనా." సత్తెమ్మ సద్ది మూట విప్పడం ఆపింది. బండి మీద కట్టిన సామాను వైపు చూసింది. "గ్యాస్ పొయ్యి గూడ ఇచ్చేస్తిని. పరుపులు అట్టడుగున వడ్డయి. సరే తియ్యి, ఈ రాత్రి వదినె పక్కన పంట. శృతికే ఫోన్ చేసి చెప్పాలె. ఎల్లుండి లగ్గానికి కుర్చీలు ఎట్ల మోస్తరో ఏమో పిల్లలు." ఆకు మీద రొట్టె పెట్టి అన్న ముందుకు జరిపింది. "ఒక తీరుగ మంచిదే అయింది. దారి మధ్యల మొండికేస్తె ఏం జేస్తుంటిమి. నాకైతె ఆ ఘాట్ తలుచుకుంటెనే కాళ్లు చల్లబడ్తయి. అప్పుడంటె మీరిద్దరుంటిరి. ఇప్పుడు ఈయన ఒక్కడే."

లక్ష్మీరాజం రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అది నోట్లోనే తిరిగింది.

అప్పుడంటే, రోగం భయంతో దేశమంతా తలుపులు మూసుకున్న ఎండాకాలం. మగ్గాలు ఆగిపోయాయి. బిస్సీలు మూతపడ్డాయి. తెలుగువాళ్లు చాలామంది ఖోలీల అద్దెలు కట్టలేక, ఊళ్లకు పోవడానికి రైళ్లు లేక, ఆడవాళ్లూ పిల్లలతో రోడ్డు పట్టారు. నారాయణ ఎవరినీ అడగకుండా బండి తీశాడు. తొట్టి మీద తాడిపత్రి కట్టి, పిల్లల తల్లులను ఎక్కించుకున్నాడు. సత్తెమ్మ వాళ్ల మధ్య కూర్చుంది. దారిలో బాగుచేసే దుకాణం ఒక్కటి కూడా తెరిచి ఉండదని, లక్ష్మీరాజం పానాల సంచీ తీసుకుని ముందు సీట్లో ఎక్కాడు.

ఘాట్ మధ్యలో స్టీరింగ్ బెల్టు తెగింది. ముందూ వెనకా బండి లేదు. వేరే బెల్టు లేదు. ఎడమపక్క కొండ, కుడిపక్క లోయ, ఎదురుగా మలుపు తర్వాత మలుపు. వెనక ఎవరో పసిబిడ్డ ఏడుస్తున్నట్టుంది. లక్ష్మీరాజానికి ఆ ఏడుపు వినిపించలేదు గానీ, సత్తెమ్మ అద్దం మీద చేత్తో కొట్టడం కనిపించింది. ఆగితే నీళ్లు లేవు. నారాయణ ఒక్కడు తిప్పితే చక్రం సగం దాకా వచ్చి నిలబడిపోయింది. లక్ష్మీరాజం సీటు మీద జరిగి, అతనికి భుజం తగిలేలా కూర్చుని, స్టీరింగ్ అంచు పట్టుకున్నాడు. నారాయణ తల ఊపితే ఇద్దరూ లాగేవాళ్లు, మళ్లీ ఊపితే వదిలేవాళ్లు. నాలుగు చేతులు, ఒక చక్రం. ఘాట్ పైకి చేరేసరికి ఇద్దరి బనీన్లూ పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. పైన దిగి, రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుని, ఒకరి చేతులు ఒకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు. నారాయణ ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చేతులు పైకి లేవలేదు మరి.

లక్ష్మీరాజం సగం తిన్న రొట్టె పక్కన పెట్టి లేచాడు. బండి దగ్గరికి పోయి, తలుపు తీసి, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ వేశాడు. నారాయణ పట్టుకునే చోట తొడుగు నల్లగా మెరుస్తోంది.

నారాయణ వచ్చి ముందు అద్దం అవతల, అతనికి కనిపించేలా నిలబడ్డాడు. కాసేపు చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి మొహం లోపలికి పెట్టాడు.

"నీకు దొరికింది గద బావ."

లక్ష్మీరాజం బొటనవేలితో స్టీరింగ్ తొడుగు రుద్దాడు.

"దొరకనప్పుడు నువ్వు తిడుతవు. బండిని తిడుతవు, నన్ను తిడుతవు, సేట్‌ను తిడుతవు. దొరికినంక నోరు మూస్తవు. నీతోని ఇన్నేండ్లు ఊకెనే ఉన్ననా."

"ఒక్కరోజు ఉండరాదె." లక్ష్మీరాజం స్టీరింగ్ వైపు చూస్తూ అన్నాడు. తన గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అతనికి తెలియదు. బల్ల దగ్గర సత్తెమ్మ తలెత్తి చూసింది. "రేపు పోతువు. ఏమైతది?" అంటూ అతని వైపు తిరిగాడు.

"ఉండొచ్చు. రేపు పొద్దుగాల నువ్వు మళ్ల ఇదే మాట అంటవు. నేను మళ్ల ఉంట. బిడ్డ ఎదురుచూస్తది."

లక్ష్మీరాజం ఇప్పుడు అతని కళ్లలోకి చూశాడు. "నువ్వు గూడ అబద్ధం చెప్పినవు. ఇది నిన్నటిది గాదు. ఆయిల్ మాడిపోయి ఉన్నది. ఎప్పటి నుంచి?"

నారాయణ చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వడానికి కాదు. కాసేపటికి తీశాడు.

"వానలు పడ్డప్పటి నుంచి."

"గన్ని రోజులు భుజాలతోనే తిప్పినవా? నా దగ్గరికి తేవడానికి ఏమైంది?"

"తెస్తె ఒక్క పూటల చేసి పంపిస్తుంటివి. పోయేనాడు తెస్త అనుకున్న. గప్పుడు పొద్దంత ఈడనే ఉండొచ్చు గద."

 లక్ష్మీరాజం సీట్లోంచి దిగి, గోడ నుంచి పానా తీసుకున్నాడు.

"మగ్గం ముందర నిలబడనీకె భయపడ్డోనివి, మొండి స్టీరింగ్‌తోని కంటైనర్ల నడుమ తిరిగినవు. బుద్ధుండాలె మనిషికి," అన్నాడు. మళ్లీ ఎప్పటిలా తిడుతున్నాడు కాబట్టి నారాయణకు నిమ్మళమనిపించింది.

నారాయణే దత్తు దుకాణానికి పోయి గొట్టం తెచ్చాడు. లక్ష్మీరాజం దాన్ని వంచి చూశాడు, రెండు చివర్లా ఊది చూశాడు. నీళ్లకు వాడేది కాదు, ఆయిల్‌కు వాడేదే. పాత గొట్టం విప్పి కత్తితో నిలువునా చీల్చాడు. లోపలి పొర ముడతలు పడి, నాలుకలా ఊడి వేలాడుతోంది. సత్తెమ్మ వంగి చూసి, "పైకి మంచిగనే ఉండె గద," అంది.

మాడిన ఆయిల్ అంతా దింపేశాడు. కొత్త గొట్టం తొడిగి బిగింపులు వేశాడు. తాజా ఆయిల్ పోసి, మళ్లీ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, బుడగలన్నీ పోయేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఈసారి చక్రం తానే తిప్పాడు, బుడగలు నారాయణను చూడమన్నాడు. తర్వాత బండిని కారఖానా గేటు ముందు చాలాసేపు ఆడనిచ్చాడు. ఇంజన్ బాగా వేడెక్కింది. బానెట్ కింద చెయ్యి పెట్టి గొట్టం పట్టుకున్నాడు. జోరు పెంచినా నొక్కుకోలేదు. స్క్రూడ్రైవర్ పిడి ఎముకకు పెట్టుకున్నాడు. పంపు ఏమీ అనడం లేదు. తన పని తాను చేసుకుంటోంది.

నారాయణ ఒక్క వేలితో స్టీరింగ్ ఆ చివరిదాకా తిప్పి చూపించాడు. అలా తిప్పుతూ చిన్నపిల్లవాడిలా మొహం పెట్టాడు.

లక్ష్మీరాజం బల్ల కింద వెతికి ఒక బెల్టు, రెండు బిగింపులు, మిగిలిన ఆయిల్ డబ్బా పాత గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టాడు. "ఘాట్‌ల రెండో గేరే. చేతికి బరువనిపిస్తె మొండిగ తిప్పకు, పక్కకు ఆపు, చల్లారనియ్యి. పైకెక్కినంక ఫోన్ చెయ్యి."

"చేస్తె నీకు ఇనవడ్తదా?"

"స్వప్నిల్‌కు చెయ్యి. డ్యూటీల ఉంటడు, ఎత్తుతడు. వాడు చెప్తడు."

స్వప్నిల్ లక్ష్మీరాజం కొడుకు. కాల్హేర్ గోదాములో పని. పొద్దున డ్యూటీకి పోతూ, నారాయణ మామ కాళ్లు మొక్కి, మరాఠీలో సగం తెలుగులో సగం ఏదో చెప్పి, మొహం తిప్పుకుని పోయాడు.

మధ్యాహ్నపు ఎండ ఇంకా చల్లబడకముందే పెంటవ్వ వచ్చింది. చేతిలో దారికోసం కట్టిన అటుకుల మూట. సత్తెమ్మ బండెక్కి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. పెంటవ్వ ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకరి మాట ఒకరు వినలేదు. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. నారాయణ అటు చూడకుండా ఉండడానికి తాడిపత్రి చుట్టూ ఒక చుట్టు తిరిగి, కట్టిన ముళ్లనే మళ్లీ లాగి చూశాడు. తిరిగి తిరిగి లక్ష్మీరాజం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతని భుజం పట్టుకుని, బరువు చూస్తున్నట్టు ఒకసారి నొక్కి వదిలాడు. ఆ తర్వాత చకచకా పోయి బండెక్కాడు.

తలుపు మూసి, కిటికీలోంచి ఏదో అన్నాడు. పక్కనుంచి అన్నాడు కాబట్టి లక్ష్మీరాజానికి వినిపించలేదు. పెదాలు చూశాడు. పోయొస్త బావ, అన్నట్టుంది. వేరే ఏమన్నా అయ్యుండొచ్చు. తల ఊపాడు.

పికప్ కదిలింది. గల్లీ ఇరుకు. చివర దత్తు దుకాణం దగ్గర రోడ్డుకు ఎక్కాలంటే బండిని పూర్తిగా ఎడమకు తిప్పాలి. లక్ష్మీరాజం గేటు దగ్గర నిలబడి బండి పక్క అద్దంలో నారాయణ భుజాలు చూశాడు. కదల్లేదు. ముందు చక్రాలు నీళ్లలో తిరిగినట్టు తిరిగాయి. నీలం తాడిపత్రి, సైకిల్, మసకబారిన సేట్ పేరు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరిగాయి. ఒక్కసారి కూడా ఆగి వెనక్కీ ముందుకీ తీయాల్సిన పని పడలేదు. ఇంకాస్త మొండికేసినా బాగుండేదేమో అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. వెంటనే ఘాట్ గుర్తొచ్చి, ఆ మాటను తనలోనే మింగేశాడు.

పెంటవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, అతని ముందుకు వచ్చి నిలబడింది. "ఇంటికి పోదామా?"

"నువ్వు నడువు. పానాలు సదిరి వస్త."

ఆమె వెళ్లింది. లక్ష్మీరాజం జాకీ గోడ పక్కకు జరిపాడు. చీల్చిన గొట్టం చెత్త డబ్బాలో వేశాడు. నేల మీద ఒలికిన ఆయిల్ మీద మట్టి చల్లాడు. చల్లుతూ, బండి ఆగి ఉన్న జాగా అంచుకు వచ్చి ఆగిపోయాడు.

నారాయణ ఎప్పుడూ వట్టి కాళ్లతోనే నడుపుతాడు. బ్రేకు ఎంత లోపలికి పోయిందో అరికాలికి తెలియాలంటాడు. చెప్పులు విప్పి ఎక్కుతాడు, ఎక్కాక వంగి, వాటిని తీసి సీటు కింద పెట్టుకుంటాడు. ఇవాళ వంగలేదు.

డ్రైవర్ తలుపు ఉన్న చోట, ఎండలో, మడమ దగ్గర ఒకపక్కకే అరిగిన రెండు రబ్బరు చెప్పులు, బండి నిలిచిన వైపే మొహం పెట్టి, పక్కపక్కన ఉన్నాయి.